బెంగళూరులో స్టార్టప్‌కైనా తెలుగు బ్లాగుకైనా: ఉచిత టూల్స్‌తో మార్కెటింగ్ మొదలుపెట్టే క్రమం

బెంగళూరులో కొత్తగా స్టార్టప్ పెట్టిన మనవాళ్లు మార్కెటింగ్ మాట ఎత్తగానే అడిగేది ఒకటే: "ఏ టూల్ కొనాలి?" తెలుగులో బ్లాగు రాసేవాళ్లు దాన్నే ఇంకోలా అడుగుతారు: "ఏ ప్లగిన్ పెడితే ట్రాఫిక్ వస్తుంది?" ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. మొదటి ఆరు నెలలకు కావలసినవి దాదాపు అన్నీ ఉచితంగానే దొరుకుతాయి. డొమైన్‌కీ హోస్టింగ్‌కీ తప్ప పెద్దగా డబ్బు తీయాల్సిన పని ఉండదు. ఏ టూలూ ఇవ్వలేనిది ఒకటుంది: మీ కస్టమర్ తన ఇబ్బందిని ఏ మాటల్లో చెప్పుకుంటాడో ఆ మాటలు. అవి మీరే వెళ్లి తెచ్చుకోవాలి. అందుకే ఇక్కడ మొదటి అడుగు కంప్యూటర్ ముందు పడదు.

తేలికగా అర్థం కావడానికి అంతా ఒకే ఉదాహరణతో నడుపుతాను. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు పీజీలు (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లు) నడిపే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటి ఓనర్ల కోసం అద్దె వసూళ్లు, ఖాళీ బెడ్ల లెక్క చూసే యాప్ ఒకటి ఇద్దరు కుర్రాళ్లు తయారుచేశారనుకుందాం. ఇంకోవైపు, ఆంధ్ర, తెలంగాణల నుంచి ఉద్యోగానికి బెంగళూరు వచ్చేవాళ్ల కోసం తెలుగులో బ్లాగు రాసే అమ్మాయి ఉందనుకుందాం. వాళ్లది వ్యాపారం, ఈమెది రచన. చేయాల్సిన పనులు మాత్రం ముప్పాతిక వంతు ఒకటే.

మొదటి అడుగు: పదిమందిని కలవండి, వాళ్ల మాటలే రాసుకోండి

పది పీజీలకు వెళ్లండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య వెళ్తే ఓనర్ కాస్త తీరికగా దొరుకుతాడు. పొద్దున టిఫిన్ల హడావుడిలో, రాత్రి భోజనాల వేళలో ఎవరూ మాట్లాడరు. "అన్నా, మేం ఒక యాప్ చేస్తున్నాం, మీరు వాడతారా?" అని మాత్రం అడగొద్దు. మొహమాటానికి అందరూ "ఆఁ, బాగుంది తమ్ముడూ, వాడతాం" అంటారు. ఆ మాట మీద లెక్కలేసుకుంటే ఇబ్బందే. "అన్నా, పోయిన నెల అద్దెలు ఎవరెవరిచ్చారో ఎలా చూసుకున్నారు?" అని అడగండి. అప్పుడు అసలు విషయం బయటికొస్తుంది.

"బుక్కులో రాస్తాం తమ్ముడూ. కొందరు ఫోన్‌పే చేస్తారు, కొందరు క్యాష్ ఇస్తారు. ఐదో తారీఖు వచ్చిందంటే స్క్రీన్‌షాట్లు వెతుక్కోవడమే టెన్షన్. పైగా ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో మెయింటెనెన్స్ ఎంత కట్ చేశామని గొడవ."

ఈ నాలుగు వాక్యాల్లో మీ వెబ్‌సైట్‌కు కావలసిన హెడ్డింగులు రెండున్నాయి. "స్క్రీన్‌షాట్లు వెతుక్కునే పని లేదు", "అడ్వాన్స్ దగ్గర గొడవ లేదు". వీటి బదులు "సమగ్ర ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ సొల్యూషన్" అని రాస్తే ఏ ఓనరూ అది తన గురించేనని అనుకోడు.

గూగుల్ షీట్స్‌లో ఒక షీటు తెరవండి. ఎవరు, ఏ ఏరియా, ఎన్ని బెడ్లు, ఇప్పుడు ఏం వాడుతున్నారు, ఇబ్బంది ఎప్పుడు వస్తుంది, ఇవి కొన్ని కాలమ్స్. చివరి కాలమ్ అన్నిటికన్నా ముఖ్యం: వాళ్లు అన్న మాట, అన్నది అన్నట్టు. మీ భాషలోకి మార్చకండి. కన్నడంలో చెబితే కన్నడ మాటనే తెలుగు లిపిలో రాసుకోండి. బ్లాగు రాసే అమ్మాయి కూడా ఇదే పని చెయ్యాలి. కొత్తగా వచ్చిన పదిమందిని కదిలిస్తే "త్రీ షేరింగ్‌కి ఎంతివ్వొచ్చు?", "నోటీస్ పీరియడ్ ఇవ్వకపోతే అడ్వాన్స్ తిరిగి ఇవ్వరా?", "హెచ్ఆర్ఏకి పీజీ రసీదు పనికొస్తుందా?" లాంటివి వస్తాయి (హెచ్ఆర్ఏ అంటే జీతంలో వచ్చే ఇంటి అద్దె అలవెన్సు). ఏడాదికి సరిపడా వ్యాసాలు ఆ షీటులోనే ఉంటాయి.

రెండో అడుగు: సొంత డొమైన్, మీ పేరు మీదే

ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు, కానీ ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. డొమైన్ మీ ఈమెయిల్‌తో, మీ పేరు మీద, మీ కార్డుతో కొనండి. వెబ్‌సైట్ చేసిపెట్టే ఏజెన్సీకో ఫ్రెండుకో ఆ పని అప్పగించారంటే, వాళ్లతో మాట చెడిన రోజున సైటు మీ చేతిలో ఉండదు. ఆటో రెన్యూవల్ ఆన్ చేసి పెట్టండి. టూ స్టెప్ వెరిఫికేషన్ కూడా.

బ్లాగుకు వర్డ్‌ప్రెస్ చాలు. స్టార్టప్ సైటు వేరే టెక్నాలజీలో ఉన్నా పర్వాలేదు, వ్యాసాలను మాత్రం అదే డొమైన్ కింద పెట్టండి. మీడియం అనే బ్లాగుల సైటు లాంటి చోట మాత్రమే రాసి వదిలేస్తే పేరు వాళ్లకు పోతుంది. ముందు మీ సైటులో వేసి, తర్వాత అక్కడ పంచుకోవచ్చు.

తెలుగు రాసేవాళ్లకు ఒక హెచ్చరిక. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేయించిన మ్యాటర్ యూనికోడ్‌లో (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే అక్షరాల పద్ధతిలో) ఉండదు. దాన్ని తెచ్చి సైటులో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి, గూగుల్‌కు అందులో ఒక్క అక్షరం అర్థం కాదు. దాన్ని బొమ్మగా మార్చి పెట్టినా మనిషి చదవగలడేమో గానీ సెర్చ్‌లో మాత్రం సరిగా దొరకదు. యూనికోడ్‌లోకి మార్చుకోండి, లేదా నేరుగా జీబోర్డ్‌లోనో, లేఖినిలోనో, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతోనో టైపు చేయండి.

మూడో అడుగు: ఒక్క పోస్టు కూడా వేయకముందే కొలత పెట్టండి

చాలామంది ఇరవై వ్యాసాలు రాశాక "ఇప్పుడు అనలిటిక్స్ పెడదాం" అంటారు. పోయిన నెలల డేటా తర్వాత రాదు. అందుకని మూడు టూల్స్ మొదటి రోజే పెట్టండి.

గూగుల్ సెర్చ్ కన్సోల్ అన్నిటికన్నా ముందు. డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ సెట్టింగ్స్‌లో (డొమైన్ ఎటు వెళ్లాలో చెప్పే చోట) గూగుల్ ఇచ్చిన టెక్స్ట్ రికార్డును చేరిస్తే సైటు మీదేనని ధ్రువపడుతుంది. తర్వాత సైట్‌మ్యాప్ (మీ సైటులోని పేజీల జాబితా ఫైలు) ఇవ్వండి. జనం ఏం టైపు చేస్తే మీ పేజీ కనిపించింది, ఎంతమందికి కనిపించింది, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది, ఇవన్నీ 16 నెలల వరకు చూపిస్తుంది. డబ్బు పెట్టి కొనే ఎస్ఈఓ (సెర్చ్‌లో పైకి రావడానికి వాడే) టూల్స్ చాలావరకు అంచనాలు చెబుతాయి. మీ సైటు విషయంలో సెర్చ్ కన్సోల్ చెప్పేది గూగుల్ స్వయంగా ఇచ్చే లెక్క.

రెండోది గూగుల్ అనలిటిక్స్. 2023 జూలై నుంచి పాత యూనివర్సల్ అనలిటిక్స్ పోయి జీఏ4 వచ్చింది కాబట్టి, యూట్యూబ్‌లో పాత పాఠాలు చూసి కంగారుపడకండి. పెట్టగానే చేయాల్సిన పనులు రెండు. డేటా రిటెన్షన్ మామూలుగా 2 నెలలకు ఉంటుంది, దాన్ని 14 నెలలకు మార్చండి. తర్వాత, మీకు అసలు కావలసిన పని ఏదో దాన్ని కీ ఈవెంట్‌గా గుర్తించండి. స్టార్టప్‌కైతే "వాట్సాప్‌లో మాట్లాడండి" బటన్ నొక్కడం. బ్లాగుకైతే ఈమెయిల్ ఇవ్వడం.

మూడోది మైక్రోసాఫ్ట్ క్లారిటీ. ఇది పూర్తిగా ఉచితం. వచ్చినవాళ్లు పేజీలో ఎక్కడిదాకా స్క్రోల్ చేశారు, ఎక్కడ వేలు పెట్టి విసిగిపోయారు అన్నది రికార్డింగుగా చూపిస్తుంది. స్టార్టప్‌లకు దీన్ని నేను గట్టిగా సిఫారసు చేస్తాను. సైన్అప్ ఫారంలో మూడో పెట్టె దగ్గరే అందరూ వెనక్కి వెళ్లిపోతున్నారని పది రికార్డింగులు చూస్తే తెలిసిపోతుంది. ఫోన్ నంబర్లు, పేర్లు మాస్క్ అవుతున్నాయో లేదో ముందే చూసుకోండి.

నాలుగో అడుగు: జనం ఎలా వెతుకుతున్నారో పట్టుకోండి

మొదటి అడుగులో తెచ్చుకున్న మాటలు ఇప్పుడు పనికొస్తాయి. ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, ఆ మాటల్ని ఒక్కొక్కటే గూగుల్‌లో సగం టైపు చేసి ఆపండి. కింద పడే సూచనలన్నీ జనం నిజంగా వెతికేవాటి నుంచే వస్తాయి. ఫలితాల మధ్యలో "ఇవి కూడా అడుగుతారు" అన్నట్టు వచ్చే పెట్టెను విప్పితే ఇంకొన్ని దొరుకుతాయి. వాటినీ షీటులోకి ఎక్కించండి. యూట్యూబ్‌లో కూడా ఇదే చేయండి; ఒక పని ఎలా చేయాలో మనవాళ్లు చదవడం కన్నా వీడియోలో చూడటమే ఎక్కువ.

ఒకే ప్రశ్నను మనవాళ్లు మూడు రకాలుగా టైపు చేస్తారు: తెలుగు లిపిలో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగుగా, నేరుగా ఇంగ్లీషులో. తెలుగు బ్లాగు రాసే అమ్మాయి వ్యాసమంతా తెలుగులోనే రాసినా, పేజీ చిరునామాను ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా పెట్టుకోవడం మంచిది. తెలుగు అక్షరాలతో ఉన్న చిరునామాను వాట్సాప్‌లో అతికిస్తే శాతం గుర్తులతో బారెడు పొడవుండే లింకు తయారవుతుంది. దాన్ని చూసి జనం నొక్కడానికి భయపడతారు.

గూగుల్ ట్రెండ్స్‌లో కర్ణాటకను ఎంచుకుని రెండు మాటల్ని పోల్చి చూడండి. అక్కడ కనిపించే 0 నుంచి 100 వరకు ఉండే అంకె ఎంతమంది వెతికారన్న లెక్క చెప్పదు. ఆ కాలంలో ఆ మాటకున్న గరిష్ఠ ఆసక్తిని 100 అనుకుంటే మిగతా రోజులు ఎక్కడున్నాయో చెబుతుంది. ఏ నెలలో ఆసక్తి పెరుగుతుందో చూడటానికి ఇది చాలు. హెచ్ఆర్ఏ రసీదుల ప్రశ్నలు ఆఫీసుల్లో ప్రూఫ్‌లు అడిగే జనవరి, ఫిబ్రవరిల్లో వస్తాయి. అంటే ఆ వ్యాసం డిసెంబరు మొదట్లోకల్లా సైటులో ఉండాలి.

అంకెలు కావాలంటే గూగుల్ యాడ్స్ ఖాతా తెరిచి కీవర్డ్ ప్లానర్ చూడండి. యాడ్స్‌కు ఖర్చు పెట్టనివాళ్లకు అది "వంద నుంచి వెయ్యి" అన్నట్టు ఉజ్జాయింపుగానే చూపిస్తుంది. అది చాలు. తెలుగు లిపిలో వెతికే మాటలకు అక్కడ సున్నా కనిపించినా భయపడొద్దు. పదిమంది ఓనర్లలో ఆరుగురు అడిగిన ప్రశ్న అయితే కళ్లు మూసుకుని రాయండి.

ఐదో అడుగు: జవాబు మొదటి పేరాలోనే

"పీజీకి జీఎస్టీ కట్టాలా?" అన్న ప్రశ్న తీసుకోండి. ఓనర్లు అడిగేదే. చాలా సైట్లలో ఈ వ్యాసం "జీఎస్టీ అంటే ఏమిటి, ఎప్పుడు వచ్చింది" అని మొదలవుతుంది. చదివేవాడికి అది అక్కర్లేదు. ఇలా మొదలుపెట్టండి:

"ఒక్కొక్కరి దగ్గర నెలకు తీసుకునే అద్దె 20,000 రూపాయలు మించకుండా, ఆ మనిషి వరుసగా కనీసం 90 రోజులు ఉంటే ఆ వసతికి జీఎస్టీ లేదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న మినహాయింపు ఇది. వారానికో పది రోజులకో బెడ్ ఇచ్చే పద్ధతి మీకుంటే మాత్రం మీ ఆడిటర్‌తో మాట్లాడండి."

మూడు వాక్యాల్లో పని అయిపోయింది. కింద వివరాలు రాయొచ్చు: రోజు లెక్కన ఇస్తే ఏమవుతుంది, రిజిస్ట్రేషన్ ఎప్పుడు అవసరం, రికార్డు ఎలా ఉంచుకోవాలి. ఆ చివరి ప్రశ్న దగ్గర "ఎవరు ఎన్ని రోజులున్నారో మా యాప్‌లో ఒక్క చోట కనిపిస్తుంది" అని స్క్రీన్‌షాట్‌తో ఒక్క వాక్యం రాస్తే అదే మార్కెటింగ్. వ్యాసం మధ్యలో నాలుగుసార్లు "ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి" అని పెడితే ఓనర్ ఫోన్ పక్కన పడేస్తాడు.

ఇదే విషయం బ్లాగు వైపు నుంచి ఎలా ఉంటుందో చూడండి. పీజీలో ఉండే ఉద్యోగికి కావలసింది అద్దె రసీదు గురించి. పాత పన్ను విధానంలో హెచ్ఆర్ఏ క్లెయిమ్ చేసేటప్పుడు ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే ఓనర్ పాన్ నంబర్ ఇవ్వాలి. 5,000 రూపాయలు మించి క్యాష్‌గా ఇచ్చిన అద్దె రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అతికించాలి. ఈ రెండూ మొదటి పేరాలో చెప్పి, కింద నింపిన నమూనా రసీదు ఫొటో పెడితే ఆ పేజీని జనం ఆఫీసు గ్రూపుల్లో వాళ్లే పంచుకుంటారు.

ఇంకా ముందుకెళ్తే చిన్న ఉచిత టూల్ తయారుచేయండి. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసిపెట్టే, బెంగళూరులోనే ఉన్న క్లియర్‌ట్యాక్స్ సైటులో రెంట్ రిసీట్ జనరేటర్, హెచ్ఆర్ఏ క్యాలిక్యులేటర్ ఉచితంగా ఉంటాయి. రసీదు కోసం వచ్చినవాడికి రిటర్ను వేసేటప్పుడు ఆ పేరు గుర్తొస్తుంది. ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ రేజర్‌పే సైటులో ఐఎఫ్ఎస్సీ (బ్యాంకు బ్రాంచి) కోడ్ వెతుక్కునే టూల్ కూడా అలాంటిదే. 2010లో ఈ ఊళ్లోనే మొదలైన షేర్ బ్రోకర్ కంపెనీ జెరోధా, వర్సిటీ అనే తన సైటులో షేర్ మార్కెట్ పాఠాలను మొత్తం ఉచితంగా పెట్టింది. అంత పెద్దవి మన వల్ల కాకపోవచ్చు. "అడ్వాన్స్‌లో ఎంత తిరిగి రావాలి" అని లెక్కకట్టే ఒక్క పేజీ మాత్రం ఇద్దరు కుర్రాళ్లు రెండు రోజుల్లో చేయగలరు. అడ్వాన్స్, మెయింటెనెన్స్ కటింగ్, నోటీస్ రోజులు అని మూడు పెట్టెలు, కింద జవాబు. యాప్‌వాళ్లకు ఓనర్లు, బ్లాగుకు పాఠకులు, ఇద్దరూ ఆ పేజీకే వస్తారు. అలాంటిది చేసి ఒకరి సైటుకు ఒకరు లింకు ఇచ్చుకుంటే ఇంకా మంచిది.

ఏఐ సంగతి చెప్పకుండా ఈ అడుగు పూర్తికాదు. చాట్‌జీపీటీ, జెమిని, క్లాడ్ లాంటివి వ్యాసానికి అంశాలు పేర్చడానికి, ఇంగ్లీషు ప్రెస్ నోట్‌ను అర్థం చేసుకోవడానికి, హెడ్డింగులు పది రకాలుగా చూసుకోవడానికి బాగా పనికొస్తాయి. మొత్తం వ్యాసం వాటితోనే రాయించి వందల కొద్దీ పేజీలు వేయకండి. ర్యాంకింగ్ కోసమే కుప్పలుగా తయారుచేసే కంటెంట్‌ను గూగుల్ 2024 మార్చిలో స్పామ్ నియమాల్లోకి చేర్చింది, అది మనిషి రాసినా యంత్రం రాసినా. పైగా ఆ తెలుగు చదవగానే పాఠ్యపుస్తకంలా తేలిపోతుంది. తారీఖులు, రేట్లు, సెక్షన్ నంబర్లు ప్రతిదీ ప్రభుత్వ వెబ్‌సైటులో సరిచూశాకే వేయండి. డబ్బు విషయంలో మీరు చెప్పింది నమ్మి ఒకాయన నష్టపోతే ఆ ఏరియాలో ఇంకెవరూ మీ పేజీ తెరవరు.

ఆరో అడుగు: తెలుగు అక్షరం ఫోన్‌లో బాగా కనిపించాలి

చదివేవాళ్లలో ఎక్కువమంది మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ల మీదే ఉంటారు. మీ మ్యాక్‌బుక్‌లో బాగుందని వదిలేయకండి.

గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, సురన్న, ఎన్టీఆర్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. వ్యాసానికి నోటో, మండలి హాయిగా ఉంటాయి; రామభద్ర లావుగా ఉంటుంది కాబట్టి హెడ్డింగులకే. లైన్ హైట్ 1.6 కన్నా తగ్గించకండి. ఇంగ్లీషు కోసం చేసిన థీముల్లో లైన్ల మధ్య దూరం తక్కువగా ఉంటుంది. "రాష్ట్రం", "స్త్రీ" లాంటి మాటల్లో ఒత్తులు కింది లైనులోకి దిగి పై గుడులతో కలిసిపోతాయి, బటన్ల మీదైతే సగానికి తెగిపోతాయి. సైటు తయారవగానే ఈ రెండు మాటలు ఒక బటన్ మీద రాసి ఫోన్‌లో చూడండి, విషయం తెలిసిపోతుంది.

పోస్టర్లకు, థంబ్‌నెయిల్స్‌కు కాన్వా ఉచిత ప్లాన్ చాలు. ఫొటోలను స్క్వూష్ అనే వెబ్ టూల్‌లో వెబ్‌పీ ఫార్మాట్‌కు మార్చి ఎక్కించండి. ఫోన్‌తో తీసిన నాలుగైదు ఎంబీల ఫొటో వంద, రెండు వందల కేబీలకు దిగుతుంది, తేడా కంటికి తెలియదు. తర్వాత పేజీ వేగం కొలిచే గూగుల్ టూల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ ట్యాబ్ చూడండి. పెద్ద బొమ్మో పేరానో తెర మీదకు రావడానికి 2.5 సెకన్లలోపు, నొక్కితే స్పందన 200 మిల్లీసెకన్లలోపు, పేజీ కుదుపు (లోడవుతుండగా అక్షరాలు పక్కకు జరగడం) స్కోరు 0.1 లోపు ఉండాలని గూగుల్ పెట్టిన హద్దులు. నూటికి నూరు స్కోరు కోసం వారాలు తగలేయొద్దు. ఈ మూడూ పచ్చరంగులోకి వస్తే ముందుకు సాగండి.

ఏడో అడుగు: జనం ఉన్నచోటికి తీసుకెళ్లండి

రాసి వదిలేస్తే ఎవరూ రారు. రాయడానికి ఎంతసేపు పట్టిందో, పంచడానికీ అంతసేపు పెట్టండి.

మన ఉదాహరణకు అన్నిటికన్నా పెద్ద దారి వాట్సాప్. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. క్విక్ రిప్లైలు, కేటలాగ్, లేబుల్స్ ఉంటాయి. "డెమో అడిగారు", "ట్రయల్‌లో ఉన్నారు", "డబ్బు కట్టారు" అని మూడు లేబుల్స్ పెట్టుకుంటే మొదట్లో వేరే సీఆర్ఎం (కస్టమర్ల లెక్క చూసే సాఫ్ట్‌వేర్) అవసరమే ఉండదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని చేర్చొచ్చు, కానీ మీ నంబర్ తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. కాబట్టి ఓనర్‌ను కలిసిన రోజే "అన్నా, నా నంబర్ సేవ్ చేసుకోండి, జీఎస్టీ, లైసెన్స్ విషయాలు ఏవైనా మారితే పంపిస్తాను" అని అడగండి. మెసేజ్ ఇలా ఉండాలి:

"నమస్తే అన్నా. పోయిన వారం మీ పీజీకి వచ్చాం కదా, అడ్వాన్స్ లెక్క దగ్గర గొడవ అవుతోందన్నారు. ఆ లెక్క వేసే పేజీ ఒకటి చేశాం, ఉచితం, యాప్ కూడా అక్కర్లేదు. ఒకసారి చూసి, మీ దగ్గర వేరే పద్ధతి ఉంటే చెప్పండి, మారుస్తాం."

పొగడ్తలు లేవు, ఆఫర్ లేదు, ఆయన చెప్పిన ఇబ్బందే ఉంది. దీనికి జవాబు వస్తుంది. ముక్కూమొహం తెలియనివాళ్ల నంబర్లు ఎక్కడో కొని వేలమందికి పంపిస్తే నంబర్ బ్లాక్ అవుతుంది, పేరూ పోతుంది.

ఎక్కడ లింకు పెట్టినా దానికి యూటీఎం ట్యాగులు (ఎక్కడి నుంచి వచ్చారో అనలిటిక్స్‌కు చెప్పే గుర్తులు) తగిలించండి. గూగుల్ ఇచ్చే క్యాంపెయిన్ యూఆర్ఎల్ బిల్డర్‌లో సోర్స్ అనే పెట్టె దగ్గర వాట్సాప్, మీడియం అనే పెట్టె దగ్గర బ్రాడ్‌కాస్ట్, క్యాంపెయిన్ దగ్గర అడ్వాన్స్ లెక్క అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో నింపితే లింకు తయారవుతుంది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా వస్తే అనలిటిక్స్ రెండు వేరు వేరు వరుసలుగా చూపిస్తుంది. అందుకని మొదటి రోజే ఒక షీటులో పేర్లు ఖాయం చేసుకుని అందరూ వాటినే వాడండి. మారతహళ్లిలో అతికించిన పాంప్లెట్ మీద క్యూఆర్ కోడ్‌కు ఒక ట్యాగు, బీటీఎం పాంప్లెట్‌కు ఇంకో ట్యాగు పెడితే ఏ ఏరియా పని చేసిందో కూడా తెలుస్తుంది. పాంప్లెట్ కన్నడంలో కూడా ఉండాలి. ఓనర్లందరూ తెలుగువాళ్లు కారు, ఈ ఊరు కన్నడిగులది. ఆఫీసుకు బోర్డు పెడితే 60 శాతం కన్నడం ఉండాలని చట్టమే చెబుతోంది.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (మ్యాప్స్‌లో వ్యాపారం కనిపించే పేజీ) విషయంలో చాలామంది ఒకటి గమనించరు. కస్టమర్‌ను నేరుగా కలవని, ఆన్‌లైన్‌లో మాత్రమే నడిచే వ్యాపారాలకు అది వర్తించదు. కానీ మీ కస్టమర్ అయిన పీజీ ఓనర్‌కు వర్తిస్తుంది. "మీ పీజీని గూగుల్ మ్యాప్స్‌లో సరిగా పెట్టుకోవడం ఎలా" అని ఒక వ్యాసం, ఒక చిన్న వీడియో చేయండి. అడిగిన మొదటి ఇరవైమందికి మీరే కూర్చుని పెట్టించండి. ఫొటోలు వెలుతురులో తీయడం, ఫోన్ నంబర్ సరిచూడటం, పాత రివ్యూలకు మర్యాదగా జవాబివ్వడం నేర్పండి. ఆయన బెడ్లు నిండాయంటే పక్కవీధి ఓనర్‌కు మీ గురించి ఆయనే చెబుతాడు. యాడ్‌కు పెట్టే డబ్బు కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు.

కస్టమర్లు డెవలపర్లయితే దారి వేరు. లింక్డ్‌ఇన్, కోడ్ పంచుకునే గిట్‌హబ్, హాస్‌గీక్ నడిపే రూట్‌కాన్ఫ్ లాంటి టెక్ సభలు, కొత్త ప్రోడక్టులను పరిచయం చేసే ప్రోడక్ట్ హంట్, ఇవి మీ చోట్లు. ఏపీఐలను (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారులను) పరీక్షించే టూల్ పోస్ట్‌మ్యాన్ మొదట 2012లో ఒక క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌గా వచ్చింది. డెవలపర్లకు రోజూ పనికొచ్చే వస్తువు కావడంతో నోటి మాట మీదే పాకింది. అలాంటివారికి మంచి డాక్యుమెంటేషన్ రాయడమే మార్కెటింగ్. తెలుగు బ్లాగు అమ్మాయికి మాత్రం ఫేస్‌బుక్‌లోని బెంగళూరు తెలుగు గ్రూపులు, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితిలో జరిగే కార్యక్రమాలు ఎక్కువ ఉపయోగం. గ్రూపులో లింకు పడేసి వెళ్లిపోకుండా, జవాబు అక్కడే పూర్తిగా రాసి, వివరాలకు లింకు ఇవ్వండి.

ఎనిమిదో అడుగు: ఈమెయిల్ లిస్టు

వాట్సాప్ నంబర్, ఇన్‌స్టా పేజీ రేపు ఏదైనా కారణంతో ఆగిపోవచ్చు. ఈమెయిల్ లిస్టును ఫైలుగా దించుకుని ఇంకో చోటికి తీసుకెళ్లొచ్చు. బ్లాగర్లకు ఇది మరీ ముఖ్యం. చెన్నై కేంద్రంగా నడిచే జోహోవాళ్ల జోహో క్యాంపెయిన్స్, బ్రెవో, మెయిల్‌చింప్, దేనితోనైనా మొదలుపెట్టొచ్చు. ఉచిత ప్లాన్ల హద్దులు తరచూ మారుతుంటాయి కాబట్టి చేరేముందు చూసుకోండి.

పంపడానికి ముందు డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు మూడూ పెట్టండి; మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసేవి ఇవే. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో కఠినంగా ఉన్నాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 దాటి పంపేవాళ్లకు ఈ మూడూ, ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలూ తప్పనిసరి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. మీరు యాభైమందికే పంపినా ఇవి పెట్టుకుంటేనే మెయిల్ ఇన్‌బాక్స్‌కు చేరే అవకాశం ఎక్కువ. మెయిల్ టెస్టర్ అనే సైటుకు ఒక మెయిల్ పంపితే ఏది తక్కువైందో పదికి మార్కులేసి చెబుతుంది.

నెలకు రెండు మెయిల్స్ చాలు.

తొమ్మిదో అడుగు: యాడ్స్, కాస్త ఆగి

ఉచితంగా వచ్చినవాళ్లలో కొందరైనా డబ్బు కట్టేదాకా యాడ్స్ జోలికి వెళ్లొద్దని నా గట్టి అభిప్రాయం. పేజీ నమ్మకం కలిగించకపోతే యాడ్ పెట్టినా వచ్చినవాళ్లు వెళ్లిపోతారు, డబ్బు మాత్రం ఖర్చవుతుంది. మొదలుపెట్టినప్పుడు మెటాలో (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో) వాట్సాప్‌కు తీసుకెళ్లే యాడ్‌ను ఒక్క ఏరియా చుట్టూ కొన్ని కిలోమీటర్లకే పరిమితం చేసి చూడండి. గూగుల్ సెర్చ్ యాడ్స్‌లో నెగటివ్ కీవర్డ్స్ (ఏ మాటలు వెతికితే మీ యాడ్ కనిపించకూడదో ఆ మాటలు) తప్పకుండా పెట్టండి. "పీజీ" అన్న మాటకు మెడికల్ పీజీ సీట్ల కోసం వెతికేవాళ్లు, పీజీ కోర్సుల వాళ్లు, గది కోసం చూసేవాళ్లు అందరూ వస్తారు. మీకు కావలసింది ఓనర్లు మాత్రమే. అడ్మిషన్, కౌన్సెలింగ్, సీట్, నియర్ మీ, ఇవన్నీ ఆ లిస్టులో ఉండాలి. వారానికోసారి సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరిచి కొత్తవి చేర్చండి.

చట్టం వైపు నాలుగు మాటలు. కంపెనీ తరఫున కస్టమర్లకు ఎస్ఎంఎస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే రిజిస్ట్రేషన్ వేదికలో సంస్థ పేరు, హెడర్ (పంపేవారి పేరుగా కనిపించేది), మెసేజ్ నమూనా నమోదు కావాలి. డబ్బు తీసుకుని లేదా ఉచితంగా వస్తువు తీసుకుని రాసిన రివ్యూ అయితే ఆ సంగతి పైనే కనిపించేలా చెప్పాలి. ప్రకటనల ప్రమాణాలు చూసే సంస్థ ఆస్కీ 2021లోనే దీని మీద నియమాలు పెట్టింది. పీజీలో ఉండేవాళ్ల ఆధార్ కాపీలు, ఫోన్ నంబర్లు మీ యాప్‌లో ఉంటాయి కాబట్టి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మీకు వర్తించే విషయం. అవసరం లేని పత్రం అడగకపోవడమే మొదటి జాగ్రత్త. పేరు నిలబడుతుందనిపించిన రోజున ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు చేయండి. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకూ గుర్తింపు పొందిన స్టార్టప్‌లకూ ఒక క్లాసుకు ఫీజు 4,500 రూపాయలు, మామూలు కంపెనీలకు 9,000.

ప్రతి సోమవారం చూడాల్సింది

సెర్చ్ కన్సోల్‌లో పర్‌ఫార్మెన్స్ తెరిచి, పోయిన 28 రోజులు పెట్టి, ప్రశ్నల పట్టికను ఇంప్రెషన్ల (ఎన్నిసార్లు కనిపించిందన్న లెక్క) వరుసలో పేర్చండి. ఉదాహరణకు "పీజీ రెంట్ రిసీట్" అన్నదానికి 900 ఇంప్రెషన్లు, 9 క్లిక్కులు, సగటు స్థానం 6 అని ఉందనుకుందాం. అంటే మొదటి పేజీలోనే కనిపిస్తోంది, వందలో ఒక్కరే నొక్కుతున్నారు. టైటిల్ వాళ్లను ఆపడం లేదన్నమాట. "పీజీ రెంట్ రిసీట్: పూర్తి సమాచారం" అని ఉన్నదాన్ని "పీజీ అద్దె రసీదు: నింపిన నమూనా, స్టాంపు ఎప్పుడు అతికించాలి" అని మార్చి, నెల ఆగి మళ్లీ చూడండి. అదే స్థానం 14 అయితే టైటిల్‌తో పని జరగదు. పేజీలోనే ఏదో తక్కువైంది. మీకన్నా పైనున్న ఐదు పేజీలు తెరిచి, వాళ్లు చెప్పిందేమిటి, మీ దగ్గర లేనిదేమిటి చూసి రాయండి. మీరు ఊహించని ప్రశ్నకు ఇంప్రెషన్లు వస్తుంటే దానికి వేరే వ్యాసం రాయండి.

తర్వాత అనలిటిక్స్‌లో ఒక్కటే చూడండి: కీ ఈవెంట్ ఎక్కడి నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ పూర్తి చేశారు. ఇన్‌స్టా నుంచి వెయ్యిమంది వచ్చి ఒక్కరూ బటన్ నొక్కకుండా, వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ నుంచి నలభైమంది వచ్చి ఆరుగురు నొక్కారంటే వచ్చే వారం సమయం ఎటు పెట్టాలో తెలిసినట్టే.

ఆ ఆరుగురికీ అదే రోజు ఫోన్ చేయండి. "అన్నా, మా గురించి ఎవరు చెప్పారు? దేనికోసం వెతుకుతుంటే మా పేజీ కనిపించింది?" అని అడిగి, చెప్పింది చెప్పినట్టు షీటులోని చివరి కాలమ్‌లో ఎక్కించండి.